ఆలోచించకండి, అనేయండి

జూన్ 3, సోమవారం

ఈరోజు పాఠం 'కౌంట్ మీ ఇన్'. ఎవరైనా ఒక పని తలపెట్టి వచ్చేవాళ్లెవరని అడిగితే, నేనూ వస్తాను, నన్నూ కలుపుకోండి అని చెప్పడానికి వాడే మాట. అడిగినవాళ్లకి హుషారు పుట్టేలా అనాలి, మొక్కుబడిగా అనకూడదు. ఇలా నేను వివరిస్తుంటే మా లాండ్రీ ఆడవాళ్లందరూ నన్ను వదిలేసి నా వెనక గోడమీది గడియారాన్ని చూశారు. పొద్దున్నుంచి హోటల్ దుప్పట్లతో కుస్తీ పట్టి వచ్చినవాళ్లకి హుషారు గురించి ఉపన్యాసం ఇస్తున్నానంటే నాకు బుద్ధి ఉండాలి.

అందుకని నా పాత మంత్రం బయటికి తీశాను. "ఆలోచించకండి, అనేయండి!" నేను ఏదో ఒకటి ప్రతిపాదిస్తాను. 'హూ ఈజ్ ఇన్?' అని బల్లమీద చరుస్తాను. చరిచీ చరవగానే అందరూ ఒక్క గొంతుతో అనాలి. సినిమాకి వెళ్దాం. చరుపు. కౌంట్ మీ ఇన్! సముద్రం చూద్దాం. కౌంట్ మీ ఇన్! మేనేజర్ గారి కారు కడుగుదాం. కౌంట్ మీ ఇన్! ఒకటే నవ్వులు. "కారు వద్దులే టీచరమ్మా, ఆయన చొక్కా ఇవ్వమను, కాలరు మురికి నేను చూసుకుంటా" అంది మరకల పిన్ని. ఏ గుడ్డమీద ఏ మరక పడినా ఆవిడ చేతికే వెళ్తుంది, అందుకే ఆ పేరు.

ఇస్త్రీ అక్క ఒక్కతే ప్రతిసారీ వెనకబడింది. అందరూ అనేశాక, గది సద్దుమణిగాక, అప్పుడంటుంది.

"ఏంటక్కా ఆలోచిస్తున్నావు?"

"ఎక్కడికో తెలియాలి కదా టీచరమ్మా. మధ్యాహ్నానికి తిరిగొస్తామో లేదో తెలియాలి కదా."

"ఇది పాఠం అక్కా. నిన్నెవరూ నిజంగా తీసుకెళ్లరు."

పదేపదే చేయించాను. చివరికి దారిలో పడింది. ఆఖరిసారి చరిచినప్పుడు అందరికన్నా ముందు ఆవిడే అనేసి, తన గొంతు తనకే వినబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకెంత సంబరం వేసిందో చెప్పలేను.

పుస్తకంలో అదే పేజీ కింది సగంలో 'కౌంట్ మీ అవుట్' ఉంది. నేను రాను, నన్ను వదిలేయండి అనడానికి. కాదు, లేదు, రాను లాంటివి మన హోటల్ సిబ్బందికి అక్కర్లేదని మేనేజర్ మొదట్లోనే చెప్పారు. టైమూ అయిపోయింది.

జూన్ 4, మంగళవారం

మావారు ఇవాళ కూడా ఇంటర్వ్యూకి వెళ్లి వచ్చారు. ఏమైందని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇద్దరం కలిసి ఫ్యాను శుభ్రం చేశాం. నా కాంట్రాక్టు ఈ నెలాఖరు వరకే.

జూన్ 6, గురువారం

మంచి రోజు! రాసిపెట్టుకోవాలి.

క్లాసు సగంలో మేనేజర్ వచ్చారు. నేలమాళిగలో దుప్పట్లు సర్దే గదిలోకి ఆయన దిగి రావడమే విశేషం. వెనక రిసెప్షనిస్టు ఫోను పట్టుకుని నిలబడింది. "మీవాళ్లు బాగా నేర్చుకుంటున్నారట టీచర్, నేనొక ప్రశ్న అడగనా?" అన్నారు. పరీక్ష అన్నమాట.

అంతా ఇంగ్లీషులోనే మాట్లాడారు. ఊరి బయట పెద్ద ప్లాంటు కట్టామన్నారు, కొత్త మెషీన్లు, మంచి గాలి, అందరం అక్కడికి వెళ్దాం అన్నారు. నేను సినిమా అన్నాను, సముద్రం అన్నాను, ఆయన ప్లాంటు అన్నారు. చివర్న 'హూ ఈజ్ ఇన్?' అన్నారు. చరుపు పడింది. ఏడుగురూ ఒక్క గొంతు! పైకప్పు ఎగిరిపోయిందనుకో. ఇస్త్రీ అక్క అందరికన్నా ముందు.

"ఉచ్చారణ చాలా బాగుంది టీచర్" అన్నారు మేనేజర్. చప్పట్లు కొట్టాను. అందరం కొట్టాం.

జూన్ 7, శుక్రవారం

అది పాఠం కాదు.

జూన్ 8, శనివారం

నిన్న చెయ్యి ఆడక అంతకుమించి రాయలేదు. ఉన్నదున్నట్టు రాస్తాను.

నిన్న పొద్దున షిఫ్టు మొదలవగానే మేనేజర్ లాండ్రీ వాళ్లందరినీ నిలబెట్టి, ఈసారి మన భాషలోనే చెప్పారట. హోటల్లో లాండ్రీ మూసేస్తున్నారు. పని మొత్తం ఊరి బయటి ప్లాంటుకి పోతోంది. ఇరవై నాలుగో తారీఖు పొద్దున వ్యాను వస్తుంది. అక్కడే వసతి, ఆదివారం మాత్రం ఇల్లు. "మీరంతా ఇష్టపడే వస్తున్నందుకు చాలా సంతోషం" అన్నారట.

ఇష్టం లేనివాళ్లని పంపకూడదని కంపెనీ రూలు ఉంది. అలాంటివాళ్లకి ఇక్కడే, పై అంతస్తుల్లో గదులు తుడిచే పని ఇవ్వాలి. కానీ ఇష్టం లేనివాళ్లంటూ ఒకరుంటే కదా. గురువారం నాటి వీడియో అప్పుడే హెడ్డాఫీసుకి వెళ్లిపోయింది.

మిగిలిన ఆరుగురూ కాసేపు గొణిగి సర్దుకున్నారు. మరకల పిన్ని కొడుకు కోడలితో పడలేక, "వారంలో ఆరు రోజులు వాళ్ల మొహం చూడక్కర్లేదు, పీడా పోయింది" అందట. ఇస్త్రీ అక్క మాత్రం సాయంత్రం క్లాసుకి రాలేదు.

జూన్ 10, సోమవారం

ఇస్త్రీ అక్క వచ్చింది. క్లాసుకి కాదు, నా కోసం.

హోటల్ వెనక రెండు సందులు దాటితే వాళ్ల ఇల్లు. ఒకటే గది. చెల్లెలితో ఉంటుంది. నేను చెల్లెలంటే చిన్నపిల్ల అనుకునేదాన్ని, ముప్పై దాటినావిడట. ఫిట్స్ వస్తాయి. మాట, బుద్ధి పసిపిల్ల దగ్గరే ఆగిపోయాయి. మధ్యాహ్నం మాత్ర తప్పితే సాయంత్రానికి పడిపోతుంది. సీసా తన చేతికిస్తే ఒకసారి అసలు వేసుకోదు, ఒకసారి గుప్పెడు వేసుకుంటుంది. అందుకని పైన కట్టిన అరలో పెట్టి తాళం వేసి, రోజూ భోజనం టైములో అక్క పరుగున వెళ్లి, మాత్ర మింగించి, నోరు తెరిపించి చూసి, పరుగున వస్తుంది. ఇన్నేళ్లుగా తను తిన్నది దారిలోనే.

పక్కింట్లో ముసలావిడ ఉంది కానీ మంచం దిగలేదు. ప్లాంటు వసతిలో బయటివాళ్లని ఉండనివ్వరు.

"నేను రానని చెప్పానమ్మా మేనేజరుకి. ఫోను తీసి చూపించాడు. అందరికన్నా ముందు అన్నది నువ్వే కదా, ఇప్పుడు మాట మారిస్తే పని మానేసినట్టే అన్నాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "మీరు చెబితే వింటారు. పాఠంలో అన్నామని మీరు చెప్పండి. మీరు చదువుకున్నవాళ్లు."

తప్పకుండా చెబుతానన్నాను. అందులో ఏముంది? నిజమే కదా చెప్పేది.

జూన్ 11, మంగళవారం

రేపు చెబుతాను.

జూన్ 12, బుధవారం

మేనేజర్ సెలవు. నా తప్పేం లేదు.

జూన్ 13, గురువారం

చెప్పాను. ఇది ఒప్పుకోవాలి, చెప్పడమైతే చెప్పాను.

ఉదయం పదకొండింటికి రిసెప్షన్ వాళ్ల క్లాసు అవగానే ఆయన గదికి వెళ్లాను. వాళ్లన్నది అలవాటుగా అన్నది సర్, ఆ మాట వాడే పద్ధతి వేరు, మనిషి ముందు తనకి వీలవుతుందో లేదో చూసుకుని, ఇష్టపడి అనాలి, అప్పుడే దానికి అర్థం, అని చెప్పాను. ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు చెప్పుకుని వెళ్లాను కాబట్టి తడబడలేదు.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కాఫీ తెప్పించారు.

"మీ క్లాసులో అర్థం చెప్పారా లేదా?"

"చెప్పాను సర్."

"ఎప్పుడు వాడాలో చెప్పారా?"

"చెప్పాను, కానీ..."

"మరి వాళ్లకి రాలేదంటే మీకు నేర్పడం రాలేదని కదా అర్థం? ఆ మాట నేను అనను టీచర్. మీమీద నాకు చాలా గౌరవం."

ఆ వీడియో నాకూ చూపించారు. ఆయన ప్రశ్న అయిపోయింది. గదిలో ఎవరూ నోరు మెదపలేదు. అక్క నోరు తెరిచి ఉంది, ఎప్పటిలాగే ఆలోచిస్తోంది, ఎక్కడికి, ఎప్పుడు తిరిగొస్తాం అని. అప్పుడు పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి బల్లమీద చరిచింది. ఆ చేతికి నా గడియారం ఉంది.

కాఫీ మొత్తం తాగి వచ్చాను. వదిలేసి లేవడం బాగుండదు కదా.

జూన్ 14, శుక్రవారం

సోమవారం హెడ్డాఫీసు నుంచి మేడమ్ వస్తోంది. ఇష్టపడి వెళ్తున్నారా లేదా అని స్వయంగా కనుక్కుంటుందట. ఆడమనిషి. అక్కతో, "ఆవిడకి చెబుదాం, ఆడవాళ్ల బాధ ఆడవాళ్లకే తెలుస్తుంది" అన్నాను. అక్క నా రెండు చేతులూ పట్టుకుంది. ఆవిరి తగిలి తగిలి ఆవిడ అరచేతులు ఎంత మెత్తగా ఉన్నాయో. పని చేసే చేతులు గరుకుగా ఉంటాయని నేననుకునేదాన్ని.

జూన్ 17, సోమవారం

మేడమ్ బాగా చదువుకున్న మనిషి. నెమ్మదైన గొంతు. లాండ్రీ గుమ్మంలో నిలబడి మాట్లాడింది, లోపల వేడికి కళ్లజోడు మసకబారుతోందని.

మేనేజర్ నన్ను పరిచయం చేశారు. "వీళ్లకి ఇంగ్లీషు నేర్పింది ఈవిడే మేడమ్. వచ్చే నెల నుంచి మన స్టాఫు అందరికీ ఈవిడే నేర్పబోతున్నారు." నాకు ఆ సంగతి తెలియదు. అప్పుడే తెలిసింది.

"వీడియో చూశాను. ముచ్చటేసింది" అంది మేడమ్ నా భుజం తట్టి. "ఆ మాటకి అర్థం వాళ్లకి తెలుసు కదండీ?"

అందరూ నావైపు చూస్తున్నారు. దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్ మెషీను ఆపేశారు కాబట్టి గదంతా నిశ్శబ్దం. తెలియదు అంటే? మరకల పిన్ని మొహంలో ఎంత గర్వం ఉందని! ఇన్నాళ్లు కష్టపడి నేర్చుకున్నదాన్ని, వీళ్లకేమీ రాదు మేడమ్, చిలకపలుకులు, అని వాళ్లముందే ఎలా అనను? వాళ్ల పరువు కోసమే ఆలోచించాను. వాళ్ల పరువు కోసమే.

"తెలుసండీ" అన్నాను. తర్వాత, కానీ మేడమ్, అని మొదలుపెట్టాను. మొదలుపెట్టాననే గుర్తు. అప్పటికే ఆవిడ ఫోను మోగింది, మాట్లాడుతూ మెట్లెక్కి వెళ్లిపోయింది.

జూన్ 18, మంగళవారం

'కానీ' అన్నాను. పక్కా అన్నాను.

జూన్ 19, బుధవారం

అక్క నన్ను తిట్టలేదు. మొహం తిప్పేసుకున్నా బాగుండేది. "మీరేం చేస్తారులే టీచరమ్మా, మీదీ ఉద్యోగమే కదా" అంది. అని, "మీ ఇంట్లో స్క్రూడ్రైవరు ఉంటుందా?" అని అడిగింది.

తలుపులకి లోపలి గడియలు తీసేయాలట. చెల్లెలు లోపల గడియ పెట్టుకుని పడిపోతే ఎవరు వెళ్లి తీస్తారు? ఇదివరకు అక్క దగ్గర్లోనే ఉండేది కాబట్టి కిటికీలోంచి చెయ్యి పెట్టి తీసేది. పని మానేయమని నేను చెప్పలేకపోయాను. మానేస్తే ఆ మాత్రలు ఎక్కణ్నుంచి వస్తాయి?

జూన్ 20, గురువారం

మావారిని తీసుకుని అక్కవాళ్లింటికి వెళ్లాను. అద్దంలాంటి ఇల్లు. కర్టెన్ కూడా ఇస్త్రీ మడతతో ఉంది. ఆయన్ని చూడగానే చెల్లెలు కెవ్వుమని అరిచి మంచం కిందకి దూరింది. కొత్త మగమనిషి కనిపిస్తే అంతేనట. ఆయన పాపం గది గడియ, స్నానాలగది గడియ తీసేంతసేపూ అది అరుస్తూనే ఉంది. ఆయన వీధిలోకి వెళ్లి నిలబడ్డాక బయటికి వచ్చింది. తిరిగొస్తూ, "గడియ లేని ఇంట్లో ఆడమనిషిని ఒంటరిగా వదిలి వెళ్తుందా?" అన్నారు ఆయన. స్క్రూడ్రైవరు సంచిలో వేసుకుని ముందుకి నడిచాను.

అది కాదు రాయాలనుకున్నది. ఇది. మేం వచ్చేస్తుంటే చెల్లెలు మంచం పట్టెమీద చరిచి, నావైపు చూసి నిలబడింది. నాకేమీ అర్థం కాలేదు. అక్క నవ్వింది. "నేను ఇంట్లో పాఠం వల్లె వేసేదాన్ని కదా, దీనికదో ఆటైపోయింది. తను చరుస్తుంది, మనం అనాలి. అనేదాకా వదలదు." చెల్లెలు మళ్లీ చరిచింది.

"కౌంట్ మీ ఇన్" అన్నాను. ఎంత సంతోషపడిందో.

జూన్ 21, శుక్రవారం

ఆఖరి క్లాసు. పాఠం చెప్పాలనిపించలేదు. బిస్కెట్లు తీసుకెళ్లాను.

మరకల పిన్ని అడిగింది. "రాను అని చెప్పాలంటే ఏమనాలి టీచరమ్మా? అది నేర్పనేలేదే మీరు."

తలుపు మూసి నేర్పాను. ఎవరైనా పిలిచినప్పుడు, మనకి ఇష్టం లేకపోతే, వీలు కాకపోతే అనాలి. ఇది అనడం తప్పు కాదు. అమర్యాద కూడా కాదు, గొంతు పెంచకుండా అంటే సరిపోతుంది. కారణం చెప్పాల్సిన పని లేదు. ఇదంతా చెప్పాను. నా జీవితంలో అంత బాగా పాఠం చెప్పిన రోజు లేదు. గడియారం వంక ఒక్కరూ చూడలేదు.

తర్వాత నన్ను మేనేజరుగా నిలబెట్టారు. ప్లాంటుకి వెళ్దాం, హూ ఈజ్ ఇన్? కౌంట్ మీ అవుట్! వ్యాను ఎక్కండి. కౌంట్ మీ అవుట్! ఎంత చక్కగా అన్నారు, ఒక్క అక్షరం తడబడలేదు. నవ్వీ నవ్వీ మరకల పిన్నికి పొలమారింది. ఇస్త్రీ అక్క మాత్రం మళ్లీ మొదటికి వచ్చింది. అందరూ అనేశాక, గది సద్దుమణిగాక, మెల్లిగా అంది. నేను తొందరపెట్టలేదు.

పైన ఎవరికైనా వినబడుతుందేమోనని నాకు లోపల్లోపల భయంగానే ఉంది. వినబడలేదు.

జూన్ 23, ఆదివారం

నిర్ణయించుకున్నాను. నేనే వెళ్తాను. పొద్దుటి క్లాసు పదకొండుకల్లా అయిపోతుంది, మధ్యాహ్నమంతా నాకు ఖాళీయే. రోజూ పన్నెండున్నరకి వెళ్లి మాత్ర వేసి వస్తాను. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ నాకెందుకు తట్టలేదో!

వెళ్లి చెబితే అక్క నమ్మలేదు. తర్వాత ఏడ్చింది. తర్వాత గబగబా లేచి అన్నీ చూపించింది. అర తాళం, సీసా, మాత్ర నాలుక కింద దాచేస్తుంది కాబట్టి నీళ్లు తాగించి నోరు తెరిపించి చూడడం, ఆలస్యమైతే మొదట కుడి చెయ్యి అదురుతుంది, అది చూసుకోవడం. నా చేతికి అర తాళంచెవి ఇచ్చి గుప్పిట తనే మూసింది.

"రోజూనా టీచరమ్మా? ఒక్కరోజు తప్పినా కష్టం. వీలవుతుందో లేదో ఆలోచించుకుని చెప్పండి."

చెల్లెలు మంచం పట్టెమీద చరిచింది.

"కౌంట్ మీ ఇన్" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను, చాలా రోజుల తర్వాత.

జూన్ 24, సోమవారం

వ్యాను ఎనిమిదింటికి వచ్చింది. ఏడుగురూ సంచులతో ఎక్కారు. మరకల పిన్ని కిటికీలోంచి తల బయటపెట్టి, "టీచరమ్మా, కౌంట్ మీ అవుట్!" అని అరిచింది. గేటు దగ్గర అందరూ నవ్వారు. ఇంగ్లీషు ఎంత బాగా నేర్చుకుందో అని మేనేజర్ కూడా నవ్వారు. ఇస్త్రీ అక్క నావైపు చూసి, అరచెయ్యి తెరిచి మూసింది. తాళంచెవి భద్రమా అని. జేబు తట్టి చూపించాను.

పన్నెండింటికి బయల్దేరుతుంటే మేనేజర్ మెట్లమీద ఎదురొచ్చారు. లాండ్రీ ఉన్న చోట మెషీన్లు అప్పుడే విప్పుతున్నారు. ఆయన చాలా హుషారుగా ఉన్నారు.

"మీకు మంచి వార్త టీచర్. కాంట్రాక్టు ఏడాదికి పొడిగించారు. ముందు సెక్యూరిటీ వాళ్ల బ్యాచ్. వాళ్ల షిఫ్టు మారేది పన్నెండింటికే కాబట్టి రోజూ అదే టైము. ఇవాళే మొదలుపెడదాం, వాళ్లు కూర్చుని ఉన్నారు."

రేపట్నుంచి అని గొణిగాను. సాయంత్రం పెట్టుకుందామా సర్ అన్నాను. అన్నానా? అనుకున్నానా?

"సాయంత్రం కుదరదండీ. ఏం, మీకేమైనా ఇబ్బందా?" అని నవ్వి, మెట్ల రెయిలింగుమీద పెన్నుతో టక్కున కొట్టారు. "హూ ఈజ్ ఇన్?"

ఆ మాటకి జవాబులు రెండున్నాయి. రెండూ నాకు వచ్చు. రెండూ ఎప్పుడు వాడాలో, ఎలా అంటే మర్యాదగా ఉంటుందో మూడు రోజుల క్రితమే ఆ మెట్ల కిందే ఏడుగురికి నేర్పాను.

"కౌంట్ మీ ఇన్ సర్" అన్నాను. ఆలోచించలేదు. అనేశాను.

క్లాసు అయ్యేసరికి రెండు దాటింది. చెప్పులు చేతపట్టుకుని పరిగెత్తాను. చెల్లెలు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది, వీధి వైపు చూస్తూ. కుడి చెయ్యి సన్నగా అదురుతోంది. మాత్ర వేసి, నీళ్లు తాగించి, నోరు తెరిపించి చూశాను. పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చాలాసేపటికి అదురు తగ్గింది. ఇవాళ్టికి గండం గడిచింది.

లేచి తలుపు దగ్గరికి వచ్చాను. వెనక కుర్చీ చేతిమీద చరుపు వినబడింది. తిరిగి చూశాను. నేను అంటానని నవ్వు మొహంతో చూస్తోంది. మళ్లీ చరిచింది.

ఏమీ అనలేకపోయాను. అది చరుస్తూనే ఉంది.